నెగటివ్ నలుపులో తెల్లని మధుపర్కం

బ్లాక్ అండ్ వైట్ నెగటివ్‌లో వెలుగునీడలు తారుమారవుతాయి. పెళ్లికొడుకు క్రాపు ఉన్నచోట ఫిల్ము గాజులా తేటగా ఉంటే, అతని మధుపర్కం ఉన్నచోట మసి పూసినట్టు ఉంటుంది. ఆ మసి నిజానికి వెండి. ఫిల్ము మీది జిలాటిన్ పొరలో వెండి లవణాల రేణువులు ఉంటాయి. వెలుగు తగిలిన రేణువులు డెవలపర్ ద్రావణంలో నల్లటి లోహంగా మారతాయి. ఎంత వెలుగు తగిలితే అంత వెండి. అందుకే పంచె కుచ్చెళ్లు, చీర జరీ అంచు, పూలజడ, నుదుటి బాసికం, దోసిట్లోంచి జారే తలంబ్రాలు అన్నీ నెగటివ్‌లో అతి దట్టమైన చోట్లకు చేరతాయి. ఫొటోగ్రాఫర్లు హైలైట్లు అనేది వీటినే. స్కాన్ చేసినప్పుడు ముందుగా మాయమయ్యేవీ ఇవే. మొహాలు బాగానే వస్తాయి, మధుపర్కం మాత్రం ఒక్క మడత కూడా లేని తెల్లకాగితంలా మిగులుతుంది.

తెలుగు పెళ్లి ఫొటోలో ఈ చిక్కు మరీ ఎక్కువ. తెల్లటి నూలుబట్ట పక్కనే నల్లటి జుట్టు, చామనఛాయ మొహాలు, పందిట్లో నీడ, ఆ వెనక ఎండలో మెరిసే సున్నపు గోడ. పసుపు కలిపిన తలంబ్రాలు కూడా బ్లాక్ అండ్ వైట్ ఫిల్ము మీద తెలుపుకు దగ్గరగానే పడతాయి. ముహూర్తం రాత్రిపూటైతే ఫ్లాష్ వెలుగు దగ్గరున్న తెల్లబట్ట మీదే ముందు పడుతుంది. దూరం రెట్టింపైతే ఆ వెలుగు నాలుగో వంతుకు తగ్గుతుంది కాబట్టి, పీటల మీది వధూవరులకూ వెనక నిలబడ్డ చుట్టాలకూ మధ్య తేడా ఇంకా పెరుగుతుంది. ఇంట్లో వాళ్లు తీసుకున్న ఫొటోల సంగతి వేరేలా ఉండేది. మన దేశంలోనే తయారై ఇంటింటికీ చేరిన అగ్ఫా క్లిక్ 3 లాంటి డబ్బా కెమెరాకు మీటరు లేదు, సర్దుబాట్లూ ఒకటి రెండే. 120 రోల్‌లో పన్నెండు చదరపు ఫొటోలు వచ్చేవి. మిట్టమధ్యాహ్నం వాకిట్లో నిలబెట్టి తీస్తే ఫిల్ము మోతాదుకు మించి వెలుగు తాగేది. దానికి తోడు ఎండాకాలం. డెవలపర్ 20 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉండాలని ఫార్ములా చెబుతుంది. మన వేసవిలో ద్రావణం అంతకన్నా వేడిగా ఉంటే అదే సమయంలో ఎక్కువ వెండి ఏర్పడుతుంది, హైలైట్లు ఇంకా నల్లబడతాయి.

నలుపుకు కొలత

నెగటివ్ నలుపును సాంద్రత అనే అంకెతో కొలుస్తారు. ఇది లాగరిథమ్ లెక్క. సాంద్రత 1 ఉన్నచోట పదో వంతు వెలుగు దాటుతుంది, 2 ఉన్నచోట నూరో వంతు, 3 ఉన్నచోట వెయ్యో వంతు. 0.3 పెరిగిన ప్రతిసారీ దాటే వెలుగు సగానికి పడిపోతుంది. ఇంగ్లండ్‌లో రసాయన పరిశ్రమలో పనిచేసిన ఫెర్డినాండ్ హర్టర్, వీరో చార్లెస్ డ్రిఫీల్డ్ 1890లో ప్రచురించిన పరిశోధన ఈ కొలతకు పునాది. తగిలిన వెలుగుకూ ఏర్పడిన సాంద్రతకూ ఉన్న సంబంధాన్ని వాళ్లు ఒక వంపుగీతగా చూపించారు. కింద పాదం, మధ్యలో నిటారు భాగం, పైన భుజం. నీడలు పాదం దగ్గర పడతాయి, హైలైట్లు పైకి ఎక్కుతాయి. భుజం దగ్గర గీత వాలిపోతుంది. అక్కడ ఎంత వెలుగు చేరినా సాంద్రత పెద్దగా పెరగదు కాబట్టి మడతకూ మడతకూ తేడా నిజంగానే చెరిగిపోతుంది. అయితే సాధారణ ఫిల్ములో భుజం చాలా ఎత్తున ఉంటుంది. అక్కడిదాకా వెళ్లిన నెగటివ్‌లు తక్కువ. తెల్లగా తేలిపోయిందని జనం అనుకునే పెళ్లి ఫొటోల్లో చాలావాటికి నెగటివ్‌లో వివరం భద్రంగానే ఉంటుంది.

ఏమీ లేని ఫిల్ముకూ కొంత సాంద్రత ఉంటుంది. 35 ఎం.ఎం. ఫిల్ము ఆధారానికి అది సుమారు 0.3. సరిగ్గా తీసి సరిగ్గా డెవలప్ చేస్తే వివరమున్న తెలుపు దానికి పైన ఇంకో 1.0 నుంచి 1.3 దాకా ఉంటుంది. ఎక్కువ వెలుగు, ఎక్కువ డెవలప్‌మెంట్ కలిస్తే మొత్తం 2 దాటుతుంది. డార్క్‌రూమ్‌లో వాడే మధ్యరకం గ్రేడ్ కాగితం భరించగలిగిన తేడా 1.0 – 1.1 దగ్గరే ఆగిపోతుంది. అంతకు మించినదంతా ఆ కాగితం మీద వట్టి తెలుపు. పనితెలిసిన ప్రింటర్ ఎన్‌లార్జర్ కింద చేతులు దోసిలిలా పట్టి, వేళ్ల సందులోంచి మధుపర్కం మీదికి మాత్రమే అదనపు వెలుగు పంపి మడతలు తెప్పించేవాడు. పెళ్లిళ్ల రోజుల్లో వందల కాపీలు తీయాల్సినవాళ్లకు ప్రతి ఫొటోకూ అంత తీరిక ఉండదు. అందువల్ల ఆల్బమ్‌లోని ప్రింటును చూసి నెగటివ్ గురించి తీర్పు చెప్పకూడదు. ప్రింటును స్కాన్ చేసి సరిపెట్టుకుంటే ఆ కాగితం వదిలేసినదాన్ని ఎప్పటికీ వదులుకున్నట్టే.

ఇంకా వెనకటి కాలపు నెగటివ్‌లలో నలుపు ఇంకా చిక్కన. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ కొలువులో ఫొటోగ్రాఫర్‌గా ఉండి, సికింద్రాబాద్‌లో స్టూడియో నడిపిన రాజా దీన్‌దయాళ్ (1844–1905) గాజు పలకల మీద పనిచేశారు. ఆయన పలకలు పెద్దసంఖ్యలో ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రంలో ఉన్నాయి. ఆ కాలంలో ప్రింట్లకు గుడ్డు తెల్లసొన పూసిన ఆల్బుమెన్ కాగితం వాడుక. దాన్ని నెగటివ్‌కు ఆనించి ఎండలో పెట్టేవారు. నల్లబడిన భాగం తనకు తానే తెరగా మారి మరింత నల్లబడకుండా ఆపుకొంటుంది. ఆలోగా దట్టమైన హైలైట్లలోంచి కూడా వెలుగు మెల్లగా దిగుతుంది. ఆ కాగితానికి తగ్గట్టు నెగటివ్‌ను కావాలనే ఎక్కువ కాంట్రాస్ట్‌తో తయారుచేసేవారు. అలాంటి పలకను తర్వాతి కాలపు ఫిల్ముకు సరిపోయే సెట్టింగులతో స్కాన్ చేస్తే తెల్ల అంగరఖాలు, పాలరాతి మెట్లు పిండిముద్దల్లా వస్తాయి.

స్కానర్ దగ్గరికి వెళ్లకముందే చేయాల్సిన పరీక్ష ఒకటుంది. అచ్చు ఉన్న వార్తాపత్రిక మీద నెగటివ్‌ను పరిచి, మంచి వెలుతురులో దాని అతి నల్లటి భాగంలోంచి కిందకు చూడాలి. అక్షరాలు లీలగానైనా చదవగలిగితే ఆ నెగటివ్ స్కానర్‌కు లొంగుతుంది. తర్వాత లైట్‌బాక్స్ మీద పెట్టి భూతద్దంతో మధుపర్కం ఉన్నచోటు వెతకాలి. కంటికి ఒక్క మడత కనిపించినా స్కాన్‌లోకి తెచ్చుకోవచ్చు. ఎంత బలమైన దీపం వెనక పెట్టినా ఏకరీతి నలుపే ఉంటే అక్కడ తెచ్చుకోవడానికేమీ లేదు.

పెట్టెలోంచి తీసిన నెగటివ్

పాత నెగటివ్‌ను ముందు వాసన చూడాలి. పుల్లటి వెనిగర్ వాసన వస్తే అసిటేట్ ఆధారం క్షీణిస్తోందని అర్థం. అది కుంచించుకుపోతుంది, అలలు తేలుతుంది. అలాంటివాటిని మిగతావాటి నుంచి వేరుచేసి ముందుగా స్కాన్ చేయాలి. బూజు పట్టిన నెగటివ్‌ను నీళ్లతో కడగడం పెద్ద పొరపాటు. బూజు తిన్న జిలాటిన్ నీటికి కరిగిపోతుంది, బొమ్మ తుడిచిపెట్టుకుపోతుంది. కోస్తా ఊళ్ల ఉక్కలో బీరువా అడుగున పడి ఉన్న నెగటివ్‌లలో ఇది తరచూ కనిపించేదే. రబ్బరు బంతితో గాలి ఊది, మెత్తటి కుంచెతో దుమ్ము దులిపితే చాలు.

స్టూడియో నెగటివ్‌లకు మరో జాగ్రత్త అవసరం. రీటచింగ్ చేసేవారు మొన తేలిన పెన్సిల్‌తో నెగటివ్ మీదే పనిచేసేవారు. మొహం మీది ముడతలు, మశూచి మచ్చలు అలాగే పూడ్చేవారు. నీడలు మరీ నల్లబడకుండా కొందరు ఎర్రటి రంగు కూడా పూసేవారు. ద్రావణంతో తుడిస్తే ఆ చేతిపనంతా పోతుంది. స్కాన్‌లోనూ దీని ప్రభావం ఉంది. ఎర్రరంగు ఎర్ర వెలుగును ఆపదు. ఎరుపు ఛానెల్ తీసుకుంటే ఆ పూత పనిచేయనట్టే, ఆకుపచ్చ ఛానెల్ తీసుకుంటే రీటచర్ ఉద్దేశం నిలుస్తుంది.

స్కానర్‌కు అది చీకటి

ఫొటోలోని వెలుగు స్కానర్‌కు చీకటి. నెగటివ్ స్కానింగ్‌లోని చిక్కులన్నీ ఇక్కడే పుడతాయి. డిజిటల్ కెమెరాతో నేరుగా ఫొటో తీసేవారికి హైలైట్లు అంటే సెన్సార్ పొంగిపొర్లే చోటు, భయమంతా ఎక్కువ వెలుగు గురించే. నెగటివ్ దగ్గర ఆ భయం తిరగబడుతుంది. తేటగా ఉన్న ఫిల్ము ఆధారం నుంచి సెన్సార్‌కు అత్యధిక వెలుగు, మధుపర్కం నుంచి అత్యల్ప వెలుగు అందుతాయి. సెన్సార్ ఎక్కడ బలహీనమో, ఎక్కడ దాని సొంత గరగర (నాయిస్) బయటపడుతుందో, మన తెలుపు సరిగ్గా అక్కడే పడుతోంది.

అంకెల్లో చూస్తే ఇది మరింత తెలుస్తుంది. ఆధారం సాంద్రత 0.3, మధుపర్కం సాంద్రత 2.0 అనుకుంటే రెండింటికీ తేడా 1.7. అంటే మధుపర్కం నుంచి వచ్చే వెలుగు, ఆధారం నుంచి వచ్చేదానిలో సుమారు 50వ వంతు. సెన్సార్ కొలతను ఉన్నదున్నట్టు 8 బిట్లలో రాస్తే మొత్తం 256 మెట్లు. ఆధారం 255 దగ్గర ఉంటే మధుపర్కం 5 దగ్గర ఉంటుంది. ఇప్పుడు మడత సంగతి. బట్ట మీద వెలుగు పడ్డ చోటుకూ మడత లోపలికీ మధ్య అర స్టాప్ (ఒక స్టాప్ అంటే వెలుగు రెట్టింపు) తేడా ఉందనుకుందాం. మామూలు డెవలప్‌మెంట్‌లో ఫిల్ము దాన్ని సుమారు 0.09 సాంద్రతగా నమోదు చేస్తుంది. 8 బిట్లలో అది 5కూ 6కూ మధ్య ఒకే ఒక్క మెట్టు. ఆ ఒక్క మెట్టూ గరగరలో కలిసిపోతే మడత లేనట్టే. అదే 16 బిట్లలో మెట్లు 65,536. మధుపర్కం 1,300 దగ్గర, మడత 1,600 దగ్గర పడతాయి. మధ్యలో 300 మెట్లు. వాడుకలో ఉన్న ఫైళ్లలో గామా అనే సర్దుబాటు ఉండి చీకటి వైపు కాస్త ఎక్కువ మెట్లు కేటాయిస్తుంది. అయినా 8 బిట్ల ఫైలు మీద తర్వాత వంపులు వేసి లాగితే పట్టీలు పట్టీలుగా చీలిపోవడం ఖాయం. బ్లాక్ అండ్ వైట్ స్కాన్‌కు 16 బిట్లు తప్పనిసరి అనడానికి కారణం ఇదే.

స్కానర్ పెట్టె మీద డీమ్యాక్స్ (చదవగలిగే గరిష్ఠ సాంద్రత) 4.0, 4.8 అని కనిపించే అంకెలను చూసి మురిసిపోనక్కర్లేదు. 65,536కు లాగరిథమ్ కడితే 4.8 వస్తుంది, 16,384కు 4.2, 4,096కు 3.6. చాలాసార్లు ఆ ప్రకటన బిట్ల లెక్కే, ఫిల్ము మీద కొలిచి చూసింది కాదు. ఊరటనిచ్చే విషయం ఏమిటంటే బ్లాక్ అండ్ వైట్ నెగటివ్‌కు అంత సామర్థ్యం అక్కర్లేదు. స్లైడుల్లో నలుపు 3.5 దాకా వెళ్తుంది గానీ, నెగటివ్ హైలైట్లు 2 – 2.5 దాటడం అరుదు. ఓ మోస్తరు ఫ్లాట్‌బెడ్ స్కానర్ కూడా జాగ్రత్తగా వాడితే వాటిని చదవగలదు. వివరం పోయిందంటే ఎక్కువసార్లు తప్పు పరికరానిది కాదు, దాన్ని నడిపిన తీరుది.

గరగర తగ్గించడానికి రెండు మార్గాలున్నాయి. ఒకే గీతను పలుమార్లు చదివి సగటు తీయడం మొదటిది. నాలుగుసార్లు చదివితే గరగర సగానికి, పదహారుసార్లు చదివితే పావుకు తగ్గుతుంది. రెండోది రెండు ఎక్స్‌పోజర్లు. ఒకటి మామూలుగా, మరొకటి దట్టమైన చోట్ల కోసం ఎక్కువ వెలుగుతో తీసి రెంటినీ కలపడం. వ్యూస్కాన్, సిల్వర్‌ఫాస్ట్ లాంటి సాఫ్ట్‌వేర్లలో, స్కానర్ సహకరిస్తే, ఈ సదుపాయం ఉంటుంది. రెండు దఫాల మధ్య ఫిల్ము వెంట్రుకవాసి కదిలినా గ్రెయిన్ మీద గ్రెయిన్ కూర్చోదు, బొమ్మ మెత్తబడుతుంది. సాంద్రత 1.5 లోపున్న నెగటివ్‌కు ఇవేవీ అక్కర్లేదు.

దీపం ఎలాంటిదన్నదీ ముఖ్యమే. వెండి రేణువులు వెలుగును ఆపడమే కాదు, చెదరగొడతాయి కూడా. ఒకే దిశలో సూటిగా వచ్చే వెలుగైతే చెదిరిన భాగం లెన్స్‌కు చేరదు, కాబట్టి దట్టమైన చోట్లు ఉన్నదానికన్నా నల్లగా కనిపిస్తాయి. అన్ని దిక్కుల నుంచీ మెత్తగా వచ్చే వెలుగులో ఈ తేడా ఉండదు. 1909లో దీన్ని కొలిచిన ఆంద్రే కాలియే పేరు మీద కాలియే ప్రభావం అంటారు. కండెన్సర్ ఎన్‌లార్జర్‌లో ప్రింట్లు కరుగ్గా రావడానికి ఇదే కారణం. మెత్తటి వెలుగున్న ఫ్లాట్‌బెడ్, లైట్‌ప్యానెల్ ఈ విషయంలో హైలైట్లకు మేలు చేస్తాయి. సూటి వెలుగున్న ఫిల్ము స్కానర్ గ్రెయిన్‌నూ గీతలనూ కరుగ్గా చూపి, హైలైట్లను మరో మెట్టు పైకి తోస్తుంది.

ఒలికే వెలుగు

చాలామంది పట్టించుకోని దొంగ ఒకటుంది. తేటగా ఉన్న చోట్ల నుంచి లెన్స్‌లోకి, గాజులోకి చిందే వెలుగు అది. ఫిల్ము చుట్టూ ఖాళీగా వెలిగే ప్యానెల్, 35 ఎం.ఎం. ఫిల్ము పక్కల ఉండే రంధ్రాలు, రెండు ఫ్రేముల మధ్య తేట పట్టీ, స్కానర్ గాజు లోపలి పక్క పేరుకున్న మసక, వీటన్నిటి నుంచీ చిందిన వెలుగు వెళ్లి దట్టమైన చోట్ల వాలుతుంది. బట్ట నుంచి 2 శాతం, మడత నుంచి 4 శాతం వెలుగు వస్తోందనుకుంటే వాటి నిష్పత్తి రెండు రెట్లు. రెండింటి మీదా ఒక్క శాతం చిందితే అవి 3, 5 అవుతాయి, నిష్పత్తి 1.67కు పడిపోతుంది. చిందిన వెలుగు తేట భాగాల్లో తెలియనే తెలియదు, నష్టమంతా హైలైట్లదే. బొమ్మను తిరగేసినప్పుడు తెలుపు బూడిదరంగులోకి దిగి, మడతలు అలికినట్టవుతాయి.

దీనికి విరుగుడు ఒక నల్ల అట్టముక్క. ఫ్రేముకు సరిపడా కిటికీ కోసి మిగతా ప్యానెల్‌నంతా కప్పేయాలి. రంధ్రాలు కూడా కప్పాలి. గాజునూ లెన్స్‌నూ తుడవాలి. వేలు ఖర్చుపెట్టి స్కానర్ మార్చడం కన్నా ఈ అట్టముక్కతో హైలైట్లకు ఎక్కువ లాభం కలిగే సందర్భాలున్నాయి. ఫ్లాట్‌బెడ్ గాజు మీద నెగటివ్ నున్నటి వైపు ఆనితే ఇంద్రధనుస్సు వలయాలు పడతాయి, అవి కూడా సాదా తెలుపు మీదే కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి. మసకగా ఉండే ఎమల్షన్ (జిలాటిన్ పొర) వైపు గాజుకు పెట్టి, తర్వాత బొమ్మను కుడిఎడమలు మార్చుకుంటే సరిపోతుంది.

సాఫ్ట్‌వేర్ తొందర

నెగటివ్ అని ఎంచుకుని మీట నొక్కగానే సాఫ్ట్‌వేర్ చాలా పనులు తనంతట తాను చేసేస్తుంది. బొమ్మను తిరగేస్తుంది, అతి వెలుగు, అతి చీకటి అంచుల్ని వెతికి, ఆ అంచుల దగ్గర కొంత శాతాన్ని కోసేస్తుంది, మిగిలినదాన్ని కాంట్రాస్ట్ పెంచి సాగదీస్తుంది. తెరమీద ఫొటో జిగేల్మంటుంది. కోసేసిన ఆ కొంత శాతంలోనే మధుపర్కం ఉంటుంది. స్కానర్ చదివిన వివరాన్ని, ఫైలులోకి రాకముందే, సాఫ్ట్‌వేర్ పారేసిందన్నమాట. హైలైట్ల నష్టంలో పెద్దవాటా ఈ ఆటోమేటిక్ కోతదే.

నమ్మదగిన పద్ధతి దీనికి వ్యతిరేకంగా ఉంటుంది. నెగటివ్‌ను స్లైడు లాగా, అంటే పాజిటివ్‌గా స్కాన్ చేయాలి. 16 బిట్ల గ్రే గానీ, 48 బిట్ల రంగు గానీ ఎంచుకోవాలి. ఆటో ఎక్స్‌పోజర్, ఆటో లెవెల్స్, షార్పెనింగ్ అన్నీ ఆపేయాలి. హిస్టోగ్రామ్‌లో గుట్ట రెండు కొసలకూ తగలకుండా, రెండు పక్కలా ఖాళీ ఉండాలి. ఫిల్ము ఆధారం మాత్రం కుడికొసకు దగ్గరగా, దాన్ని తాకకుండా నిలవాలి. ఆ చోటుకు ఎంత ఎక్కువ వెలుగు అందితే మధుపర్కానికి అంత ఎక్కువ అందుతుంది కాబట్టి, దాన్ని కొసదాకా తీసుకెళ్లడం హైలైట్లకు చేసే మేలు. రోల్ మొత్తానికి ఆ ఎక్స్‌పోజర్‌ను బిగించేస్తే ఫ్రేముకు ఫ్రేముకు తేడా రాదు. ఫైలు టిఫ్‌గా దాచాలి. జేపెగ్ 8 బిట్లదే, పైగా సన్నని ఛాయల్ని ఏకం చేసేస్తుంది. ఇలా వచ్చిన ఫైలు చప్పగా, కాంట్రాస్ట్ లేకుండా, నెగటివ్ లాగే ఉంటుంది. మంచి స్కాన్ మొదట అలాగే ఉండాలి.

రంగులో స్కాన్ చేస్తే మూడు ఛానెళ్లను విడివిడిగా చూసే వీలుంటుంది. చాలా స్కానర్లలో ఆకుపచ్చ ఛానెల్ శుభ్రంగా, పదునుగా ఉంటుంది. పైరో రకం డెవలపర్లలో కడిగిన నెగటివ్‌లకు వెండితో పాటు పసుపుపచ్చటి మరక కూడా ఉంటుంది. ఆ మరక నీలి వెలుగును ఆపుతుంది కాబట్టి నీలం ఛానెల్‌లో కాంట్రాస్ట్ ఎక్కువ, ఎరుపులో తక్కువ. ఒకే నెగటివ్ నుంచి మూడు గ్రేడ్ల కాగితం మీద ప్రింటు తీసినంత వెసులుబాటు.

దుమ్మును పరారుణ కిరణాలతో పసిగట్టి చెరిపేసే సదుపాయాన్ని బ్లాక్ అండ్ వైట్ ఫిల్ముకు ఎప్పుడూ వాడకూడదు. కలర్ ఫిల్ములోని రంగులు ఆ కిరణాలను వదిలేస్తాయి, దుమ్ము ఆపుతుంది. వెండి కూడా ఆపుతుంది. దాంతో దట్టమైన చోటంతా దుమ్మేనని యంత్రం నమ్మి, పక్కనున్న ఛాయతో పూడ్చేస్తుంది. దెబ్బతినేవి మళ్లీ హైలైట్లే. ఇల్‌ఫోర్డ్ ఎక్స్‌పీ2 సూపర్ లాగా కలర్ ఫిల్ము రసాయనాల్లో కడిగే బ్లాక్ అండ్ వైట్ ఫిల్ములో చివరకు వెండి మిగలదు. దానికి మాత్రం ఇది పనిచేస్తుంది.

కెమెరాతో స్కాన్

డిజిటల్ కెమెరా, మాక్రో లెన్స్, సమంగా వెలిగే ఎల్‌ఈడీ ప్యానెల్ ఉంటే స్కానర్ లేకుండానే పని జరుగుతుంది. వేగమూ ఎక్కువే. కెమెరా నిటారుగా కిందకు చూసేలా స్టాండు మీద బిగించాలి. సమాంతరంగా ఉందో లేదో తెలుసుకోవడానికి ఫిల్ము పెట్టే చోట చిన్న అద్దం పెట్టి, లెన్స్ ప్రతిబింబం సరిగ్గా మధ్యలో పడేలా సర్దుతారు. ఐఎస్ఓ 100 దగ్గర, ఎఫ్/8 చుట్టుపక్కల, రా ఫైలుగా తీయాలి. ప్యానెల్‌కూ ఫిల్ముకూ మధ్య కొన్ని సెంటీమీటర్ల ఎడం ఉంటే ప్యానెల్ మీది దుమ్ము బొమ్మలో కనిపించదు. గదిలో మిగతా దీపాలు ఆర్పేయాలి, లేకపోతే నున్నటి ఫిల్ము మీద వాటి ప్రతిఫలనం పడి చిందిన వెలుగు చేసే నష్టమే చేస్తుంది. నల్ల అట్ట ఇక్కడ ఇంకా అవసరం.

ఎక్స్‌పోజర్ నిర్ణయం మధుపర్కాన్ని చూసి కాదు, తేట ఆధారాన్ని చూసి చేయాలి. అది తెగిపోయే హద్దుకు కాస్త లోపల ఆగేలా షట్టర్ వేగం తగ్గిస్తూ రావాలి. కెమెరా వెనక కనిపించే హిస్టోగ్రామ్ జేపెగ్ లెక్కది కాబట్టి రా ఫైల్లో కాస్త జాగా ఇంకా మిగిలే ఉంటుంది. కడు దట్టమైన నెగటివ్ అయితే రెండు స్టాపులు ఎక్కువ వెలుగుతో మరో ఫ్రేము తీసి, తర్వాత హైలైట్లను దానిలోంచి తీసుకోవచ్చు. ఫోన్‌తో తీసిన ఫొటో ఏ నెగటివ్‌లో ఎవరున్నారో పట్టిక రాసుకోవడానికి ఉపయోగపడుతుంది, అంతకుమించి కాదు. ఫోను తనకు తోచినట్టు ఛాయల్ని కలిపేస్తుంది.

తెలుపును తెలుపుగా

చప్పటి ఫైలు చేతికొచ్చాక అసలు పని మొదలవుతుంది. తిరగేసిన బొమ్మలో ఆధారం నలుపవుతుంది, నలుపు బిందువును అక్కడ ఉంచాలి. రెండో కొసలో వివరమున్న తెలుపు 255 మెట్ల లెక్కలో 235 – 245 మధ్య నిలవాలి. పూర్తి 255 ముక్కుపుడక రాయి తళుకుకూ దీపపు వత్తికీ వదిలేయాలి. ఆ రెండింటికీ బట్టకూ మధ్య తేడా ఉన్నప్పుడే బట్ట బట్టలా, రాయి రాయిలా కనిపిస్తాయి.

ఇక్కడ ఎక్కువమంది చేసే పొరపాటు, హైలైట్లు తేలిపోయాయని వాటిని మొత్తంగా చీకటి చేయడం. మధుపర్కం అప్పుడు మాసిన గుడ్డలా తయారవుతుంది, మడతలు మాత్రం రావు. కావాల్సింది నలుపు కాదు, ఎడం. ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లోని ఛాయల వంపుగీతలో హైలైట్లున్న చివరి భాగాన్ని నిటారుగా చేస్తే ఛాయకూ ఛాయకూ దూరం పెరుగుతుంది. మొత్తం బొమ్మకు అలా చేస్తే మొహాలు చప్పబడతాయి కాబట్టి, మధుపర్కం వరకే మాస్కు గీసి, అంచులు మెత్తగా కలిసేలా, కొద్దికొద్దిగా వేయాలి. డార్క్‌రూమ్ ప్రింటర్ వేళ్ల సందులోంచి చేసినది ఇదే. మాస్కు అంచు కనిపిస్తే పని చెడినట్టే. పెళ్లికూతురి బుగ్గ పక్కన చీర అంచు వెంట బూడిదరంగు నీడ తేలితే వెనక్కి వెళ్లి మళ్లీ గీయాలి.

ఇప్పుడు ఫిల్ము వాడుతున్నవాళ్లకు ఈ తిప్పలో సగం ముందే తప్పించుకునే వీలుంది. నీడలను చూసి ఎక్స్‌పోజ్ చేయాలి, హైలైట్లను చూసి డెవలప్ చేయాలి అనేది పాత సూత్రం. దాన్నే 1939–40 ప్రాంతంలో లాస్ ఏంజెలెస్‌లో అన్సెల్ ఆడమ్స్, ఫ్రెడ్ ఆర్చర్ జోన్ సిస్టమ్ అనే పద్ధతిగా తీర్చారు. నీడలు మొదట్లోనే డెవలప్ అయిపోతాయి, హైలైట్లు చివరిదాకా నల్లబడుతూనే ఉంటాయి. ఎండలో తీసిన రోల్‌కు డెవలప్‌మెంట్ సమయం 15 – 20 శాతం తగ్గిస్తే నీడలకు పెద్దగా నష్టం లేకుండా హైలైట్లు దిగివస్తాయి. డార్క్‌రూమ్ కాగితానికి చప్పగా అనిపించే అలాంటి నెగటివ్ స్కానర్‌కు ఎంతో అనుకూలం, తగ్గిన కాంట్రాస్ట్‌ను ఫైల్లో పెంచుకోవచ్చు. మన వేసవిలో అయితే ముందు ద్రావణం వేడిని అదుపులో పెట్టుకోవాలి. ఐసు ముక్కలున్న తొట్టిలో ట్యాంకును నిలబెట్టినా చాలు.

ప్రింటుకు పంపేటప్పుడు కాగితాన్ని బట్టి తెలుపు హద్దు మారుతుంది. మంచి ఇంక్‌జెట్ కాగితం 245 దగ్గరి ఛాయను కూడా కాగితపు తెలుపు నుంచి విడదీసి చూపగలదు. వార్తాపత్రిక కాగితం మీద బొమ్మంతా చుక్కలతో అచ్చవుతుంది, మరీ చిన్న చుక్కలు నిలబడవు. 2, 3 శాతం కన్నా తేలికైన ఛాయ ఉత్త కాగితమైపోతుంది. పత్రికకు పంపే ఫొటోలో తెలుపును ఇంకో మెట్టు కిందికి దించి పంపడం మంచిది.

మార్పులు చేసిన ఫైలుతో పాటు మొదటి చప్పటి టిఫ్‌ను కూడా దాచాలి, కనీసం రెండు చోట్ల. అదే డిజిటల్ నెగటివ్. అసలు నెగటివ్‌ను మాత్రం స్కాన్ అయిపోయిందని పారేయకూడదు. పీవీసీ కవర్లు పనికిరావు, వాటిలోంచి వెలువడే ఆవిర్లు ఫిల్మును పాడుచేస్తాయి. ఆమ్లం లేని కాగితపు కవర్లలో, ఒక్కో కవరు మీద పెన్సిల్‌తో తేదీ, ఊరు, ఉన్నవాళ్ల పేర్లు రాసి, సిలికా జెల్ పొట్లం వేసిన డబ్బాలో, ఇంట్లో అన్నిటికన్నా చల్లగా, పొడిగా ఉండే గదిలో పెట్టాలి. వర్షాకాలం ముగిశాక ఒకసారి తెరిచి, జెల్ రంగు మారి ఉంటే పొట్లం మార్చాలి.